మీకు తెలుసా? రాత్రి ఆకాశం నల్లగా ఉండదు!

అమావాస్య అర్ధరాత్రి! చంద్రుడు లేడు, దీపం లేదు. ఆకాశం చిమ్మచీకటి అనుకుంటున్నారు కదూ? కాదండీ, అది వెలుగుతూనే ఉంది! పగలు ఎండ ధాటికి చెదిరిన గాలి కణాలు రాత్రి మళ్ళీ కలుస్తూ వెలుగు చిమ్ముతాయి. 250 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఎర్రగా మెరుస్తుంది! మన కంటికి ఆనదు గానీ పరికరం కంటికి దొరికిపోతుంది.

అసలు గమ్మత్తు ఇప్పుడు వినండి! ఆ ఎర్రటి వెలుగే అక్కడి గాలివేగం చెప్పేస్తుంది! గాలి మనవైపు వస్తుంటే రంగు రవ్వంత నీలం వైపు జరుగుతుంది. దూరంగా పోతుంటే ఇంకాస్త ఎరుపెక్కుతుంది. రవ్వంత అంటే ఎంతో తెలుసా? గాలి గంటకు 360 కిలోమీటర్ల వేగంతో వీచినా, రంగులో తేడా ముప్పై లక్షల్లో ఒక వంతే! అంత చిన్న తేడానూ పట్టేస్తున్నారు! ఎలాగంటారా? ఎదురెదురుగా నిలబెట్టిన రెండు అద్దాల పలకలతో! ఫాబ్రీ, పెరో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1890ల్లోనే ఆ పరికరం చేసిపెట్టారు. ఇప్పటికీ దాని పేరు వాళ్ళదే!

వేడి సంగతో? అదీ ఆ వెలుగులోనే ఉంది! గాలి ఎంత వేడెక్కితే ఆ ఎర్రగీత అంత వెడల్పవుతుంది. రాత్రిపూట కూడా అక్కడ 500 డిగ్రీలు దాటడం మామూలే! అయినా చెయ్యి పెడితే కాలదు! గాలి అంత పలచన మరి.

కాస్త కిందికి, 90 కిలోమీటర్ల దరిదాపులకు దిగండి. ధ్రువాల మీద అక్కడ మైనస్ 140 డిగ్రీల చలి! అదీ చలికాలంలో కాదు, నడివేసవిలో!

పైగాలులను కొలిచే దారి ఇంకోటీ ఉంది! మన నేల నుంచి అంతరిక్షం వైపు ఎగిరిన తొలి రాకెట్ ఏం మోసుకెళ్ళిందో చెప్పుకోండి! సోడియం! 1963 నవంబర్ 21న, కేరళలోని తుంబా నుంచి. సాయంసంధ్యలో సోడియం ఆవిరి మేఘమై మెరిసింది. పైగాలులు దాన్ని ఎటు లాగుతున్నాయో చూస్తే చాలు, వాటి వేగం తెలిసిపోతుంది!

ఇక మన తిరుపతి దగ్గరి గాదంకికి రండి! రాత్రిళ్ళు అక్కడి నుంచి ఆకుపచ్చ లేజర్ నిట్టనిలువుగా పైకి దూసుకెళ్తుంది. సెకనుకు ఎన్నోసార్లు! గాలి అణువులకు తగిలి తిరిగొచ్చే పిసరంత వెలుగును లెక్కపెట్టి, ఏ ఎత్తున ఎన్ని డిగ్రీలుందో చెప్పేస్తారు! దానికి కావలసింది నిర్మలమైన ఆకాశం. మబ్బు పట్టిందా, ఆ రాత్రికి కొలత లేనట్టే!