చప్పుడు చేయని స్విచ్చి, దిశ మార్చే మోటారు

బళ్లారిలో జీన్స్ బట్టలు ఉతికే షెడ్డులోకి మీరెప్పుడైనా వెళ్లారా? అక్కడ పెద్ద డ్రమ్ము కాసేపు ఒకవైపు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ రెండోవైపు తిరుగుతుంది. అలా దిశ మారకపోతే లోపలి బట్టలు తాడులా పెనవేసుకుంటాయి. ఇదంతా త్రీ ఫేజ్ మోటారు చేసే పని.

మోటారు దిశ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. ఎరుపు, పసుపు, నీలం ఫేజుల్లో ఏ రెండింటిని తారుమారు చేసినా మోటారు వెనక్కి తిరుగుతుంది. చాలాచోట్ల ఈ పని రెండు కాంటాక్టర్లు చేస్తాయి. కానీ రోజుకు వందలసార్లు టకటకమని పడి లేస్తుంటే వాటి పాయింట్లు కాలి అరిగిపోతాయి. అందుకే కొందరు వాటి స్థానంలో సాలిడ్ స్టేట్ రిలేలు పెడుతున్నారు. వీటిలో కదిలే భాగాలు లేవు, అరుగుదల లేదు, చప్పుడూ లేదు. నీలం ఫేజు నేరుగా మోటారుకు వెళుతుంది. ఎరుపు, పసుపు ఫేజులకు ముందుకు రెండు, వెనక్కి రెండు, మొత్తం నాలుగు రిలేలు ఉంటాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. సిగ్నల్ తీసేసిన మరుక్షణమే ఈ రిలే ఆగదు. లోపలి థైరిస్టరు, తనలో పారే కరెంటు సున్నాకు వచ్చేదాకా వదలదు. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అందుకు 10 మిల్లీ సెకన్ల వరకు పట్టవచ్చు. ఈలోగా రెండో దిశకు సిగ్నల్ ఇచ్చారనుకోండి, ఎరుపు, పసుపు ఫేజులు నేరుగా కలిసి షార్టు అవుతాయి. మామూలు ఎం.సి.బి. పడేలోపే రిలే కాలిపోవచ్చు.

మరి ఏం చేయాలి? మొదటిది, రెండు దిశలకూ ఒకేసారి సిగ్నల్ వెళ్లే వీలే లేకుండా వైరింగులోనే ఇంటర్‌లాక్ పెట్టించండి. రెండోది, మధ్యలో టైమరు విరామం ఉండాలి. రిలే ఆరడానికి పదోవంతు సెకను చాలు. కానీ బరువైన డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తిరిగే మోటారుకు వ్యతిరేక దిశలో కరెంటు ఇస్తే, స్టార్టింగులో లాగే ఆరేడు రెట్ల కరెంటును మించి లాగుతుంది. అందుకే డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా టైమరును సెట్ చేయించండి.

మూడోది, రిలే ఎంపిక. 5 హార్స్‌పవర్ మోటారు నిండు లోడు మీద సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. అంతమాత్రాన 10 ఆంపియర్ల రిలే కొనకండి. 40 ఆంపియర్లది, 1200 వోల్టులు తట్టుకునేది తీసుకోండి. 415 వోల్టుల లైనులో శిఖర వోల్టేజి 587 దాకా ఉంటుంది. దిశ మారేటప్పుడు ఆగి ఉన్న రిలే మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. లైనులో వచ్చే ఉరుకుడు వోల్టేజిని అణచడానికి ప్రతి రిలేకు అడ్డంగా వేరిస్టరు ఉండాలి. సెమీకండక్టరు ఫ్యూజులు, ఓవర్‌లోడ్ రిలే కూడా తప్పనిసరి. ప్రతి రిలే ఆంపియరుకు సుమారు ఒక వాటు వేడి పుట్టిస్తుంది కనుక అల్యూమినియం హీట్ సింకు మీద బిగించి, గాలి ఆడేలా చూడండి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కాంటాక్టరు లేస్తే చెవికి తెలుస్తుంది. ఈ రిలే ఆరినా చెప్పదు, చెడిపోయినా చెప్పదు. చెడితే చాలాసార్లు ఆన్‌లోనే నిలిచిపోతుంది. బాగున్నా కొద్దిపాటి కరెంటు లీకవుతూనే ఉంటుంది. పైగా నీలం ఫేజు ఎప్పుడూ మోటారు దాకా వచ్చే ఉంటుంది. అందువల్ల రిలేలకు ముందు ఒక కాంటాక్టరు పెట్టించి, అత్యవసర స్టాపు బటను దానికి కలపండి. డ్రమ్ములో చెయ్యి పెట్టేముందు, మోటారు పెట్టె మూత తీసేముందు మెయిన్ ఐసోలేటరు దింపి తాళం వేయండి. మూత తీశాక మూడు తీగలనూ పరీక్షించాకే ముట్టుకోండి. వైరింగు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేతే చేయించండి.

మోటారు ఆగిందంటే కరెంటు పోయినట్టు కాదు. ఈ ఒక్క మాట మీ షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ చెప్పండి.