నాలుగడుగుల దూరం... పలకని బల్బు!

వరండాలో బల్బు. దాని కిందే కుర్చీలో పెద్దాయన, చేతిలో ఫోను. మధ్య దూరం నాలుగడుగులు. యాప్‌లో ఎన్నిసార్లు నొక్కినా తెరమీద ఒకటే మాట... ‘డివైస్ ఆఫ్‌లైన్’! సెలవులకొచ్చిన కొడుకు ఇంటినిండా స్మార్ట్ బల్బులూ ప్లగ్గులూ బిగించి, కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. వారంపాటు బాగానే వెలిగాయి. ఓ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. అంతే, మాట వినడం మానేశాయి. అబ్బాయిని అడుగుదామంటే అక్కడింకా తెల్లారలేదు.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది గోడమీది స్విచ్. నవ్వకండి. స్మార్ట్ బల్బుకు ఆ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. అలవాటుకొద్దీ ఎవరో ఆర్పేసి ఉంటారు!

స్విచ్ వేసే ఉంటే? మామూలుగా చాలా బల్బులకు మన ఆజ్ఞ నేరుగా చేరదు. ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌దాకా వెళ్లి తిరిగొస్తుంది. 2021 డిసెంబరు 7న అమెరికాలో అమెజాన్ సర్వర్లు మొరాయిస్తే అలెక్సా, రింగ్ కెమెరాలు, ఇల్లు ఊడ్చే రూంబాలు కూడా ఇబ్బంది పెట్టాయి. 2016 మేలో రివాల్వ్ సర్వర్లను మూసేశారు. దాంతో 300 డాలర్లు పోసి కొన్న పరికరం ఎందుకూ కొరగాకుండా పోయింది. అందుకే ‘మన ఇంటి మాట మన ఇంట్లోనే’ అంటూ లోకల్ కంట్రోల్‌కు మారుతున్నారు కొందరు. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ చేసే పని అదే. ఆ అబ్బాయి పెట్టి వెళ్లిందీ అదే.

చిక్కల్లా చిరునామాతోనే. రౌటర్ ప్రతి పరికరానికీ 192.168.1.23 లాంటి అంకె ఇస్తుంది. అదీ అద్దెకే! కరెంటు పోయి వస్తే అంకెలు తారుమారు కావచ్చు. నిన్న బల్బుది ఇవాళ టీవీది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత తలుపే తడుతుంటుంది. రౌటర్ సెట్టింగుల్లో ‘అడ్రస్ రిజర్వేషన్’ చేస్తే ఆ అంకె బల్బుకే ఉండిపోతుంది.

తెరమీద వచ్చే మాటలూ దారి చూపిస్తాయి. ‘టైమ్డ్ అవుట్’ అంటే తలుపు తట్టినా ఎవరూ పలకలేదని. చిరునామా తప్పయినా కావచ్చు, దారిలో అడ్డమైనా ఉండొచ్చు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే అక్కడెవరో ఉన్నారు, తలుపు తీయట్లేదు. తరచూ అది వేరే పరికరం తలుపే!

రెండు వైఫైలున్న ఇళ్లలో మరో తిరకాసు. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మనం కొన్న రౌటర్ ఇంకొకటి. ఫోను ఒకదాంట్లో, బల్బు రెండోదాంట్లో ఉంటే మధ్యలో గోడ కట్టినట్టే. కంపెనీ యాప్‌కు నెట్ దారి ఉంది కాబట్టి ఇన్నాళ్లూ తెలియదు, అంతే. గెస్ట్ వైఫైలో పెట్టినా ఇదే తంతు. ‘ఫోన్ని కూడా 2.4 గిగాహెర్ట్జ్‌కే మార్చాలి’ అన్న సలహా చాలామంది ఇస్తారుగానీ, బల్బును మొదటిసారి కలిపేటప్పుడే దాని అవసరం రావచ్చు. తర్వాత రౌటర్ ఒకటే అయితే ఫోను 5లో ఉన్నా ఫర్వాలేదు.

ఐఫోన్‌లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి కావాలి. అప్పుడెప్పుడో ‘వద్దు’ నొక్కి మరచిపోయి ఉంటే ప్రైవసీ సెట్టింగుల్లో సరిచేసుకోవచ్చు. వీపీఎన్ ఉంటే కాసేపు ఆపి చూడండి.

ఏం తోచక చాలామంది చేసేది... బల్బును యాప్‌లోంచి తీసేసి మళ్లీ కలపడం. తుయా రకం బల్బుల్లో అలా చేస్తే లోపలి రహస్య తాళం, అదే ‘లోకల్ కీ’, మారిపోతుంది. పాత కీతో హోమ్ అసిస్టెంట్ ఇక మాట్లాడలేదు. ఒక సమస్య రెండవుతుంది!

అంతా సరిగ్గా ఉందా అన్నది తేల్చుకోవాలంటే ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ వైరు తీసి చూడటమే. ఫైబర్ తీగైతే మడత పడకుండా జాగ్రత్త. బల్బు వెలిగిందా... లోకల్ దారి బాగున్నట్టే.

తెల్లారాక కాలిఫోర్నియా అబ్బాయి వీడియోకాల్‌లో చూస్తే తేలింది, బల్బు అంకె టీవీకి పోయిందని. రిజర్వేషన్‌కు పది నిమిషాలు పట్టింది. పెద్దాయన అంకెలన్నీ కాగితంమీద రాసి రౌటర్‌కు అంటించాడు. ఇంటావిడ వరండా స్విచ్‌మీద టేపు వేసింది, ఎవరూ ఆర్పకుండా.