కాచిన నీటిలో పోయేదేది, మిగిలేదేది?

ఉష్ణోదకం గుణాలను గురించి రాసినప్పుడల్లా పాఠకుల నుంచి నాకు ఒక ప్రశ్న తప్పక వస్తుంది: “మా బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉందన్నారు. కాచి తాగితే పోతుందా?” పోదు. అయితే ఒక్క మాటతో సరిపుచ్చదగిన విషయం కాదిది.

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ మూలకాలను హాలోజన్లంటారు. లోహాలతో కలిసి లవణాలను పుట్టిస్తాయి కనుక ఆ పేరు. మన వంటింటి ఉప్పు అలా పుట్టినదే. ఇతర పరమాణువుల నుంచి ఒక ఎలక్ట్రానును గ్రహించడం వీటన్నిటి స్వభావం. అందులో ఫ్లోరిన్‌ను మించినది లేదు. రాళ్ళ నుంచి భూగర్భజలంలో కరిగే ఫ్లోరైడు, అలా ఎలక్ట్రానును దక్కించుకొని స్థిరపడిన రూపం.

కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ ఇంకా స్థిరపడనిది. అందుకే క్రిములపై పడి వాటిని ఆక్సీకరించి చంపుతుంది. మూత తీసి మరిగిస్తే దాని వాసన పోతుంది. ఉప్పులోని అయోడిన్ కూడా చెమ్మకు, వేడికి కొంత తగ్గుతుంది. ఆ ఉప్పును మూత ఉన్న సీసాలో ఉంచి, కూర దించే ముందు వేయడం మేలు. ఈ రెండింటినీ చూసి ఫ్లోరైడు కూడా అంతేననుకోవడం వల్లనే చిక్కు వస్తున్నది.

ఫ్లోరైడు ఆవిరితో పోదు. నీరు పోతుంది, అది మిగులుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీటిని శాస్త్రోక్తంగా సగానికి మరిగిస్తే లీటరుకు 4 మిల్లీగ్రాములవుతుంది! తాగునీటిలో 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణం. కషాయాన్ని నాలుగో వంతుకు దించే ఇళ్ళలో ఈ లెక్క మరువరాదు.

ఫ్లోరైడుకు కాల్షియంపై మక్కువ ఎక్కువ. అందువల్లనే పళ్ళలో, ఎముకల్లో చేరుతుంది. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఈ వ్యాధి ఉన్నదని వైద్యులు 1937లోనే వెల్లడించారు. తరువాతి కాలంలో నల్గొండ పేరు దీనితో ముడిపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడి ఫ్లోరైడును తగ్గించే విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే వచ్చింది. కాని అందులో మోతాదును నీటి పరీక్షను బట్టి నిర్ణయిస్తారు. బిందెలో పటిక ముక్కను నాలుగు సార్లు తిప్పితే దిగేది మట్టి మాత్రమే.

చింతపండు సంగతి కొంత ఆశ కలిగించేది. దానిని తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా విసర్జితమైనట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. పరిశీలించినది కొద్దిమందినే. కనుక చారు ఉన్నదిగదా అని అదే బోరు నీరు తాగడం నేను ఒప్పుకోను.

ఫ్లోరైడును రంగు, రుచి, వాసనలతో కనిపెట్టలేము. సీసాడు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఎక్కువని తేలితే ఆ నీటిని స్నానానికి, బట్టలకు వాడుకోండి. తాగడానికి, వంటకు, కషాయాలకు శుద్ధి చేసిన నదీజలమో, శుభ్రంగా పట్టి ఉంచిన వాననీరో తెచ్చుకొని, దానినే కాచండి.