సోషల్ బుక్‌మార్కింగ్

మొజిల్లా సంస్థ 2025 జులైలో పాకెట్ సేవను మూసేయడంతో సోషల్ బుక్‌మార్కింగ్ అన్న మాట మళ్లీ వినిపించింది. నచ్చిన వెబ్ పేజీల లింకులను ఆన్‌లైన్ ఖాతాలో దాచుకుని, నలుగురికీ కనిపించేలా ఉంచడమే ఇది. తర్వాత చదువుకోవడానికి దాచుకునే పాకెట్ దీనికి దగ్గరి చుట్టం.

2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టిన డెలిషియస్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. ప్రతి లింకుకూ ఎవరికి తోచిన ట్యాగులు వారు తగిలించేవారు. ‘వంటలు’ అన్న ట్యాగు నొక్కితే, ముక్కూమొహం తెలియనివారు ఆ పేరుతో దాచినవన్నీ ఒకచోట దొరికేవి. అవి మనుషులు చదివి, మెచ్చి ఏరినవి. పేరులేని కొత్త బ్లాగరు రాసిన మంచి టపా కూడా అలాగే పాఠకుల కంటబడేది. డెలిషియస్‌ను 2005లో యాహూ కొంది, 2011లో అమ్మేసింది. చివరికి 2017లో అది పోటీదారు పిన్‌బోర్డ్ చేతికి చేరింది.

ఇప్పుడు బ్లాగు మొదలుపెట్టేవారు ఇలాంటి సేవల్లో సొంత టపాలనే గుప్పిస్తే స్పామ్ ముద్ర పడుతుంది. ఇతరుల రచనల్లో నిజంగా నచ్చినవాటినీ పంచాలి, ట్యాగులు తెలుగులోనూ పెట్టాలి. ఏ సేవ వాడినా, అది ఎప్పుడైనా మూతపడవచ్చు కనుక, దాచిన లింకుల జాబితాను అప్పుడప్పుడూ ఎక్స్‌పోర్ట్ చేసి సొంత కంప్యూటర్‌లో ఉంచుకోవడం తప్పనిసరి.