బల్లికీ పావురానికీ చుట్టరికమా?

వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలు చూశారా? అలాంటి పాత రాళ్ల మీద పావురాల రెట్టలు తెల్లగా చారలు కడతాయి. ఇంట్లో గోడ వారన పడే బల్లి రెట్టనూ గమనించండి. నల్లటి ముక్క, చివర తెల్లటి చుక్క. రెండింటిలోనూ ఆ తెలుపు యూరిక్ ఆమ్లమే.

మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిని ఒంట్లోంచి పంపెయ్యాలి. చాలా చేపలు అమ్మోనియాగా నీళ్లలోకి వదిలేస్తాయి. మనం యూరియాగా మార్చి మూత్రంలో పంపుతాం. పక్షులూ బల్లులూ నీరు వృథా కాకుండా యూరిక్ ఆమ్లం ముద్దగా విసర్జిస్తాయి. పక్షులు సరీసృపాల వంశంలోంచే వచ్చాయి మరి!

అయితే తొందరపడకూడదు. చాలా కీటకాలదీ ఇదే పద్ధతి. అవి పక్షులకు దగ్గరి చుట్టాలు కావు. నీటి పొదుపు కోసం ఆ దారి వాటికి విడిగా దొరికింది. అందుకే శాస్త్రవేత్తలు దాని వెనకున్న ఎంజైమ్‌లనూ జన్యువులనూ కూడా పోల్చి చూస్తారు.

చుట్టరికానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఆధారం ఇది. యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే యూరికేజ్ ఎంజైమ్ ఆవుకు ఉంది, ఎలుకకు ఉంది, మనకు లేదు. దాని జన్యువు మాత్రం పాడైపోయి మనలో మిగిలింది. చింపాంజీలో, గొరిల్లాలో, ఒరాంగుటాన్‌లో కూడా అది అదే చోట చెడింది. నలుగురి నోటుపుస్తకాల్లో ఒకే తప్పు కనిపిస్తే మూలం ఒకటేనని టీచరుకు తెలిసిపోదూ?

ఇంకా వెనక్కి వెళ్తే అన్ని జీవులూ ఒకే కుటుంబం. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1929లో తన సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించిన ఏటీపీ అనే అణువే పావురంలోనూ, బల్లిలోనూ, పెరట్లోని వేపచెట్టులోనూ శక్తిని మోస్తోంది.