తాబేలు కింద ఏం పరవాలి?



కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో పిల్లలు తాబేలు కావాలని మారాం చేయడం మామూలైంది. కింద ఏం పరవాలన్నది తర్వాతి మాట, ముందు అది ఏ తాబేలో చూడండి. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటే అది మన నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని కొనడం, పెంచడం నేరం. ఇప్పటికే ఇంట్లో ఉంటే చెరువులో వదలకండి (అది నేల తాబేలు, ఈదలేదు!). అటవీ శాఖకు అప్పగించండి.

చెంపల మీద ఎర్రచార ఉన్నది నీటి తాబేలు. దానికి పరుపు అక్కర్లేదు. శుభ్రమైన నీళ్లు, ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకునే రాయి కావాలి. చిన్న గులకరాళ్లు వేస్తే మింగేస్తుంది.

సల్కటా లాంటి విదేశీ నేల తాబేలైతే పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. పెరిగాక 40 కిలోలు దాటవచ్చు, మన బాల్కనీ ఏం సరిపోతుంది చెప్పండి! అయినా ఉన్నదాన్ని సరిగా చూసుకోవాలి కదా. టైల్స్ మీద దాని కాళ్లు జారిపోతాయి. ఇసుక మేతతో పాటు లోపలికెళ్లి పేగులకు అడ్డుపడుతుంది. నర్సరీలో దొరికే కోకోపీట్ ఇటుకను నానబెట్టి, ఉప్పు పోయేలా కడిగి, ఎరువు కలపని మట్టితో కలిపి నాలుగంగుళాల మందాన పరవండి. ఏసీ గదిలో అది త్వరగా ఎండిపోతుంది. పొడిగాలిలో పెరిగే పిల్ల తాబేలు డిప్ప గుబ్బలుగా లేస్తుంది. అందుకే అడుగున తడి, పైన పొడి ఉండేలా అప్పుడప్పుడు నీళ్లు పోయండి. ఆ పని పిల్లలకే ఇవ్వండి, అయ్యాక మాత్రం సబ్బుతో చేతులు కడిగించండి. తాబేళ్ల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు.