వంటింటి పదములు – ప్రాంతభేదములు

ఒకే భాషను మాటలాడు జనులు దేశభేదముచే ఎంత వేరుపడుదురో వంటింటి పదములు చక్కగ తెలుపును. ఆంగ్లము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. వంకాయను ఇంగ్లండున ఆబర్జీన్ అనియు, అమెరికాలో ఎగ్‌ప్లాంట్ అనియు, భారతదేశమున బ్రింజాల్ అనియు వ్యవహరింతురు. ఇచట వస్తువొక్కటి, పేర్లు వేరు. పేరొక్కటియై వస్తువు వేరగుట రెండవ విధము. చిప్స్ అన్నచో ఇంగ్లండున వేడివేడిగ వడ్డించు బంగాళాదుంప ముక్కలు. అమెరికాలో కరకరలాడు పలుచని బిళ్ళలు.

తెలుగునందును ఈ రెండు విధములు కలవు. కోస్తావారి గోంగూర తెలంగాణమున పుంటికూర. ఉల్లిపాయ తెలంగాణమున ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ. మొదటి పేరు ఆకారమును, రెండవది రంగును పట్టి ఏర్పడినవి. బొబ్బట్టును రాయలసీమలో ఓళిగ అందురు; కన్నడమునందలి హోళిగెతో దీని సంబంధము స్పష్టము. ఇట్టి పర్యాయములవలన చిక్కు స్వల్పము. రెండవ విధమే నిఘంటుకారుని మోసగించును. కూర అన్నపదము తోటకూర, పాలకూర మున్నగువానిలో ఆకును, సామాన్యవ్యవహారమున వండిన వ్యంజనమును, తెలంగాణమున తరచుగ మాంసమును తెలుపును. బువ్వ కోస్తాలో శిశుభాష. రాయలసీమ, తెలంగాణములలో పెద్దలమాట.

పొరుగుభాష చేరినచోట ఈ భేదము మరింత జటిలమగును. విజయనగరము–రాయపురము రైలుమార్గము 1931లో పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకు ఛత్తీస్‌గఢ మైదానముతో రాకపోకలు సుకరమైనవి. వస్త్రవాణిజ్యమునకు పేరొందిన పండరీ ఈ రాయపురములోనిదే. ఇచటి ఛత్తీస్‌గఢీలో వంకాయ భాంటా, టమాటా పతాల్. రాత్రి నీటిలో నానబెట్టి మరునాడు భుజించు అన్నము బాసీ; అప్పుడే నీరు పోసినది బోరే. బాసీకి చద్దన్నమని అర్థము వ్రాసి ఊరకుండుట చాలదు. చద్దన్నమునకు రాత్రి నిలువయుండుట ప్రధానము. నీట నానుట నియతము కాదు. బియ్యపుపిండి, బెల్లములతో చేయు ఐర్సా మన అరిసెను తలపించును; ఒరియాలోను అరిసా కలదు. అయినను పోలికమాత్రముచే ఎవరు ఎవరినుండి గ్రహించిరో నిర్ణయింపరాదు.

వేరువేరు సీమల తెలుగువారు పరప్రాంతమున ఇరుగుపొరుగైనప్పుడు, ఎర్రగడ్డ, ఉల్లిపాయలలో ఏదియు గెలువక, అంగడిలోని ప్యాజ్ రెంటిని తొలగింపవచ్చును. కాయగూరల పేర్లు పోయినను నిఘంటువులలో మిగులును. వండు విధానమును తెలుపు మాటలు మాత్రము వండువారితోనే అంతరించును.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము వ్యవసాయపదములను ప్రాంతనిర్దేశముతో కూర్చినది. పాకశాలాపదములకును ఆ పద్ధతియే శరణ్యము. పదముతోపాటు పదార్థము, వండు క్రమము, వక్త వయస్సు, అతని పూర్వుల గ్రామము నమోదుకావలెను. కోస్తాపదమును ముఖ్యారోపముగ నిలిపి తక్కినవానిని దానికి వికృతులుగ చూపుట శాస్త్రసమ్మతము కాదు. ప్రతిపదమును తన సీమయందు ప్రధానపదమే.